క్రూజ్‌లో మందు ప్యాకేజ్ గిట్టుబాటేనా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సమ్మర్ సెలవులు దగ్గరపడేకొద్దీ క్రూజ్ ప్రశ్నలు బాగా వస్తున్నాయి, అందులో టికెట్ కొన్నాక కనిపించే డ్రింక్ ప్యాకేజ్ (రోజుకి ఇంత అని ముందే కట్టేస్తే డ్రింక్స్‌కి విడిగా డబ్బు కట్టక్కర్లేని పద్ధతి) గురించే ఎక్కువమంది అడుగుతున్నారు, అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేశాను. రేట్లు షిప్‌ని బట్టీ తేదీని బట్టీ మారిపోతుంటాయి. నేను ఇక్కడ వేసిన లెక్కలో మీ బుకింగ్‌లో కనిపించే రేటు పెట్టి ఒకసారి మళ్ళీ వేసుకోండి.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. జూన్‌లో గాల్వెస్టన్ నుంచి రాయల్ కరీబియన్‌లో 7 రాత్రుల క్రూజ్ బుక్ చేశాం. నేను రోజుకి రెండు మూడు బీర్లు, ఒక్కోసారి ఒక విస్కీ తాగుతాను. మా ఆవిడ మందు ముట్టదు. డీలక్స్ అనే మందు ప్యాకేజ్ మనిషికి రోజుకి 75 డాలర్లు చూపిస్తోంది. నా ఒక్కడికే తీసుకుందామంటే సైట్ ఒప్పుకోవట్లేదు, ఇద్దరికీ యాడ్ చేయమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: తీసుకోకండి. మీ ఇద్దరి అలవాట్లకి అది ఏ రకంగానూ గిట్టుబాటు కాదు.

సైట్‌లో తప్పేం లేదండీ, రూలే అలా ఉంది. ఒక క్యాబిన్‌లో 21 ఏళ్ళు నిండినవాళ్ళలో ఒకరు మందు ప్యాకేజ్ తీసుకుంటే మిగతా పెద్దవాళ్ళూ తీసుకోవాల్సిందే, కార్నివాల్ అనే ఇంకో క్రూజ్ కంపెనీలో కూడా ఇదే పద్ధతి. ఒకరు కొనుక్కుని ఇద్దరు తాగేస్తారని కంపెనీ జాగ్రత్త. వాళ్ళ వైపు నుంచి చూస్తే అర్థం ఉంది గానీ, మన ఇళ్ళల్లో మగాయన తాగడం ఆవిడ తాగకపోవడం మామూలే కాబట్టి ఈ రూల్ దెబ్బ ఎక్కువగా మనలాంటి కుటుంబాల మీదే పడుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ముందు ఆ 75 డాలర్లు 75 కాదు, దాని మీద 18 శాతం టిప్ ఆటోమేటిక్‌గా పడుతుంది, అంటే 88.50. ఇద్దరికీ కలిపి రోజుకి 177, ఏడు రాత్రులకి 1,239 డాలర్లు. ప్యాకేజ్ లేకుండా వెళ్ళారనుకోండి, బీరు 8 డాలర్లు వేసుకుంటే టిప్‌తో 9.44, మూడు బీర్లకి 28 డాలర్ల చిల్లర, విస్కీ 13 అనుకుంటే టిప్‌తో 15.34, మొత్తం మీకు రోజుకి 44 లోపే. మీ ఆవిడ రోజూ ఒక మాక్‌టెయిల్, ఒక కాపుచినో తాగినా ఇంకో 15. ఇద్దరికీ కలిపి వారానికి 413 డాలర్ల దగ్గర ఆగుతుంది. అదీ మీరు ఏ రోజూ మానకుండా మూడు బీర్లూ విస్కీ తాగితేనే. ప్యాకేజ్ తీసుకుంటే దీనికి మూడింతలు కడుతున్నారన్నమాట. ఆ మిగిలే 800 పైచిలుకు డాలర్లతో పోర్టుల్లో ఇంటిల్లిపాదీ స్నార్కెలింగ్‌కో ఇంకేదన్నా టూర్‌కో వెళ్ళి రావచ్చు.

రివర్స్‌లో కూడా చూడండి. ఆవిడ మాక్‌టెయిల్, కాఫీ తీసేశాక మిగతా డబ్బు మొత్తం మీరొక్కరే రాబట్టాలంటే రోజుకి 17 బీర్లు దాటాలి. అది ఎవరూ చేయకూడని పని.

ఒక దారి ఉంది, కొందరు వాడుతుంటారు. ఫోన్ చేసి మా ఆవిడ ఆరోగ్యరీత్యా తాగదు, లేదా ప్రెగ్నెంట్, లేదా మతపరంగా తాగదు అని చెప్తే, ఆవిడకి మందు లేని రిఫ్రెష్‌మెంట్ ప్యాకేజ్ పెట్టి మీకు డీలక్స్ ఇవ్వడానికి ఒప్పుకుంటారు ఒక్కోసారి. అబద్ధం చెప్పి మాత్రం అడగొద్దు. నిజంగానే కారణం ఉన్నా, ఆ రిఫ్రెష్‌మెంట్ రోజుకి 30 డాలర్లు అనుకుంటే టిప్‌తో కలిపి మీ ఇద్దరికీ వారానికి 867 అవుతుంది, విడిగా కొనుక్కునే 413కి అది రెట్టింపు పైనే. అంటే ఆ దారిన వెళ్ళినా మీకు నష్టమే.

మరి ఎవరికి పనికొస్తుంది అంటే, ఇద్దరూ తాగేవాళ్ళయ్యి, అదీ కాక్‌టెయిల్స్ తాగేవాళ్ళయ్యి, పోర్టులు తక్కువ సముద్రంలో ఉండే రోజులు ఎక్కువ ఉన్న ట్రిప్‌కి వెళ్తుంటే. 14 డాలర్ల కాక్‌టెయిల్ టిప్‌తో 16.52 పడుతుంది, కాబట్టి రోజుకి ఐదు దాటి ఆరోది పట్టుకుంటేనే 75 డాలర్ల ప్యాకేజ్ డబ్బు వెనక్కొస్తుంది. పోర్ట్ ఉన్న రోజు పొద్దున షిప్ దిగి సాయంత్రం ఎక్కుతారు, బయట మెక్సికోలోని కోజుమెల్ లాంటి ఊళ్ళో తాగింది మీ జేబులోంచే పోతుంది, ప్యాకేజ్ మాత్రం ఆ రోజుకీ మీటర్ తిరుగుతూనే ఉంటుంది. కంపెనీ సొంత దీవులైతే వేరు, ఉదాహరణకి బహామాస్‌లోని కోకోకేలో రాయల్ కరీబియన్ ప్యాకేజ్ పనిచేస్తుంది.

ఇంకో రెండు చిన్న విషయాలు. ఎక్కే రోజు పెద్దవాళ్ళు ఒక్కొక్కరు 750 మిల్లీలీటర్ల వైన్ బాటిల్ ఒకటి తెచ్చుకోవచ్చు, క్యాబిన్‌లో తాగితే ఏం కట్టక్కర్లేదు, డైనింగ్ రూమ్‌కి తీసుకెళ్తే బాటిల్ తెరిచినందుకు ఛార్జ్ వేస్తారు. గాల్వెస్టన్ నుంచి కదా, షిప్ టెక్సాస్ నీళ్ళలో ఉన్నంతసేపు డ్రింక్స్ మీద రాష్ట్రం టాక్స్ కూడా పడుతుంది, మొదటి రోజు బిల్లులో ఒక లైన్ ఎక్కువ కనపడితే కంగారు పడకండి.

ప్రశ్న: న్యూజెర్సీ నుంచి రాస్తున్నాం, నాలుగు ఫ్యామిలీలం కలిసి వెళ్తున్నాం. ఒకరేమో నార్వేజియన్ క్రూజ్ కంపెనీలో డ్రింక్స్ ఫ్రీ అంటున్నారు, ఇంకొకరు ప్రిన్సెస్ కంపెనీ వాళ్ళ ప్లస్ ప్యాకేజ్ బెటర్ అంటున్నారు. ఫ్రీ అన్నప్పుడు ఇంక ఆలోచించడం ఎందుకు?

జవాబు: ఆలోచించాలండీ, ఎందుకంటే ఫ్రీ అన్నది డ్రింక్ వరకే, టిప్ ఫ్రీ కాదు. నార్వేజియన్ వాళ్ళు ప్యాకేజ్ అసలు విలువ మీద 20 శాతం టిప్ ముందే కట్టించుకుంటారు. అది మనిషికి రోజుకి 20 డాలర్ల పైనే ఉంటుంది. 7 రాత్రులకి ఇద్దరికీ 280 డాలర్ల పైనే, మీరు ఒక్క గుక్క తాగకముందే పోయాయి. రోజుకి రెండు మూడు డ్రింకులు తాగేవాళ్ళకి ఇది నిజంగానే మంచి బేరం, నేను కాదనను. అస్సలు తాగని జంటకి మాత్రం దండగ. వాళ్ళు ఆ ఆఫర్ లేని టికెట్ రేటు కూడా పక్కన పెట్టి చూసుకోవాలి. ఈ ఫ్రీ ఆఫర్‌లో వచ్చే బేసిక్ ఓపెన్ బార్ ప్యాకేజ్‌లో వాటర్ బాటిల్, కాపుచినో లాంటి కాఫీలు, ఫ్రెష్ జ్యూస్ ఉండవు, 15 డాలర్ల పైన ఉన్న డ్రింక్ అయితే తేడా మీరే కట్టాలి.

ప్రిన్సెస్ ప్లస్ సంగతి వేరు. రోజుకి 65 డాలర్ల దాకా ఉంటుంది, చూడగానే ఎక్కువ అనిపిస్తుంది గానీ అందులో వైఫై, రోజువారీ సిబ్బంది టిప్పులు కూడా కలిసి ఉంటాయి. సిబ్బంది టిప్పు ఎలాగూ కట్టాలి, 17, 18 డాలర్ల పైనే. వైఫై విడిగా కొంటే ఇంకో 20, 25. ఈ రెండూ మీకు ఎలాగూ కావాల్సినవే అయితే డ్రింక్స్‌కి మిగిలేది 20, 25 డాలర్లే. రోజుకి ఇద్దరు ఫ్రెండ్స్‌తో రెండు డ్రింకులు, ఒక మంచి కాఫీ తాగితే సరిపోయింది. ఆఫీస్ వాళ్ళు ఫోన్ చేస్తారని వైఫై తప్పనివాళ్ళు మన గ్రూపుల్లో చాలామందే ఉంటారు కాబట్టి మీ నాలుగు ఫ్యామిలీలకి నా ఓటు దీనికే. వైఫై అక్కర్లేదు, ఫోన్ ఆపేసుకుంటాం అనేవాళ్ళకి మళ్ళీ లెక్క మారిపోతుంది.

ఒక సంగతి తెలిస్తే ఈ ఆఫర్లన్నీ సులభంగా అర్థమవుతాయి. క్రూజ్ కంపెనీ ఆదాయంలో టికెట్ ఒక్కటే కాదు, షిప్ ఎక్కాక బార్, క్యాసినో, టూర్లు, వైఫై మీద మనం పెట్టేది కూడా పెద్ద మొత్తం. 2023లో రాయల్ కరీబియన్ గ్రూప్ ఆదాయం దాదాపు 13.9 బిలియన్ డాలర్లు అయితే అందులో 4.3 బిలియన్ల దాకా టికెట్ కాకుండా వచ్చిందే. టికెట్ రేటు అంత తక్కువ ఎలా ఇస్తున్నారబ్బా అనుకుంటాం కదా, లోటు పూడేది ఇక్కడే.

ప్రశ్న: నా పేరు వేయొద్దు. పోయినసారి క్రూజ్‌లో మావారు ప్యాకేజ్ తీసుకుని, డబ్బు కట్టాం కదా అని పొద్దున పదింటికే మొదలుపెట్టేవారు. ఇంట్లో అంత తాగే మనిషి కాదు. షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు. ఈసారీ తీసుకుంటానంటున్నారు, ఎలా చెప్పాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక ఈ కాలమ్‌లో మిగతా లెక్కలన్నీ చిన్నవైపోయాయి. మీరు అనవసరంగా భయపడట్లేదు. ఇంట్లో రెండు పెగ్గులతో ఆపే మనిషి, ముందే డబ్బు కట్టేసరికి ఆపడం నష్టం అనుకుంటాడు. కట్టిన డబ్బు తాగినా తాగకపోయినా వెనక్కి రాదు, తాగితే మాత్రం ఒళ్ళు కూడా పోతుంది. ఆయన మంచి మూడ్‌లో ఉన్నప్పుడు, షిప్ ఎక్కాక కాదు, ఇప్పుడే ఈ మాట అనండి.

అంకెలు వింటారంటే ఇవి చూపించండి. 2020లో వచ్చిన అమెరికా ఆహార గైడ్‌లైన్స్ తాగే మగవాళ్ళకి చెప్పిన హద్దు రోజుకి రెండు డ్రింకులు. ఆల్కహాల్ విషయంలో పూర్తిగా సేఫ్ అనదగ్గ మోతాదు ఏదీ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంది. మరి 75 డాలర్ల ప్యాకేజ్ గిట్టుబాటు కావాలంటే తొమ్మిది బీర్లు దాటాలి. డబ్బు రాబట్టుకునే హద్దు, ఒళ్ళు తట్టుకునే హద్దుకి ఎంతో పైన ఉంది, ఈ రెండూ ఎక్కడా కలవవు. కార్నివాల్ లాంటి చోట రోజుకి 15 డ్రింకుల తర్వాత ఆపేస్తారు, అది బార్ వాళ్ళు పెట్టుకున్న గీత, డాక్టర్ పెట్టింది కాదు.

మెట్‌ఫార్మిన్ వేసుకుంటూ ఎక్కువ తాగితే రక్తంలో లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయే ప్రమాదం ఉంది, అరుదే గానీ వస్తే ప్రాణం మీదికి తెస్తుంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర కూడా ఉంటే, లేదా ఇన్సులిన్ తీసుకుంటుంటే, తాగి భోజనం మానేసినప్పుడు షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు, చుట్టూ ఉన్నవాళ్ళు మత్తులో ఉన్నాడులే అనుకుంటారు, అదే ఇందులో అసలు భయం. వెళ్ళే ముందు ఒకసారి ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, మీరు చెప్తే వినని మాట అక్కడ వింటారు. షిప్‌లో మెడికల్ సెంటర్ ఉంటుంది, కానీ బిల్లు నేరుగా మీ అకౌంట్‌కే వేస్తారు, కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి, అందులో షుగర్ ఉన్న సంగతి దాచకుండా రాయండి.

తాగొద్దు అనేకన్నా ప్యాకేజ్ వద్దు, నచ్చినప్పుడు కొనుక్కో అనండి. ఒక్కో గ్లాసుకి 16 డాలర్లు పడుతుంటే చెయ్యి దానంతటదే ఆగుతుంది. రోజూ రాత్రి యాప్‌లో బిల్లు ఇద్దరూ కలిసి చూసుకోండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి. అమ్మానాన్నల్ని సింగపూర్ నుంచి 4 రాత్రుల క్రూజ్‌కి తీసుకెళ్తున్నా. వాళ్ళకి మందు లేదు గానీ మంచినీళ్ళకి, టీ కాఫీలకి కూడా డబ్బులా? ఏదైనా ప్యాకేజ్ తప్పనిసరా?

జవాబు: తప్పనిసరి ఏదీ లేదండీ, నిశ్చింతగా వెళ్ళండి. బఫేలో మంచినీళ్ళు, టీ, మామూలు కాఫీ, పొద్దున టిఫిన్ దగ్గర మెషీన్ జ్యూస్ టికెట్‌లోనే ఉంటాయి. డబ్బులు పడేవి సీసా నీళ్ళు, కూల్‌డ్రింక్, అప్పటికప్పుడు తీసే జ్యూస్, కాపుచినో, మాక్‌టెయిల్ లాంటివి. క్యాబిన్‌లో ఫ్రిజ్ మీదో టేబుల్ మీదో నీళ్ళ సీసాలు పెట్టి ఉంటాయి, పెద్దవాళ్ళు ఫ్రీ అనుకుని మూత తీసేస్తారు, వెళ్ళగానే వాటి మెడలో రేటు ట్యాగ్ ఉందేమో చూసి పక్కన పెట్టేయండి. షిప్‌లో కుళాయి నీళ్ళు తాగొచ్చు, రెండు ఖాళీ సీసాలు తీసుకెళ్తే నింపుకోవచ్చు.

అసలు ఇబ్బంది టీతోనే. అక్కడ దొరికేది వేడినీళ్ళు, టీ బ్యాగ్. మన పాల టీ అలవాటైన నాన్నగారికి రెండో రోజుకే నోరు చప్పబడిపోతుంది. అల్లం టీ సాచెట్లు, ఇన్‌స్టంట్ కాఫీ పొట్లాలు బ్యాగ్‌లో వేసుకోండి, రెస్టారెంట్‌లో వేడి పాలు అడిగితే ఇస్తారు. సొంత కెటిల్ మాత్రం పెట్టుకోకండి, చాలా షిప్‌లలో అగ్గి ప్రమాదం అని తీసి పక్కన పెట్టేస్తారు.

ఇంకోటి, రాయల్ కరీబియన్ అయితే సింగపూర్ నుంచి బయల్దేరినా షిప్ లోపల ఖర్చు అమెరికన్ డాలర్లలోనే. మన క్రెడిట్ కార్డ్ ఇస్తే బ్యాంక్ మార్కప్ 3.5 శాతం దాకా పడుతుంది, ఫారెక్స్ కార్డ్ తీసుకెళ్తే ఆ బాధ తగ్గుతుంది.

ప్రశ్న: పిల్లలకి 13, 16 ఏళ్ళు, సోడా ప్యాకేజ్ కొనిపెట్టమని గొడవ. కొనాలా? (టాంపా)

జవాబు: పెద్దాడు రోజుకి నాలుగైదు గ్లాసులు కోక్ తాగేరకమైతే డబ్బు వరకు సరిపోతుంది, కానీ ఆ తాగుడు మీకు ఇష్టమేనా అన్నది ముందు తేల్చుకోండి. కార్నివాల్, రాయల్ కరీబియన్ రెండింట్లోనూ ఎక్కే రోజు చేతి బ్యాగ్‌లో 12 కూల్‌డ్రింక్ క్యాన్లు తెచ్చుకోనిస్తారు, కార్నివాల్‌లో అది మనిషికి 12, రాయల్ కరీబియన్‌లో క్యాబిన్ మొత్తానికి 12, అది చూసుకోండి. వారానికి పిల్లలకి అదే ఎక్కువ. మందు ప్యాకేజ్‌లాగా సోడాకి క్యాబిన్‌లో అందరూ కొనాలన్న రూల్ లేదు, ఒక్కడికే కొనొచ్చు. డిస్నీ షిప్ అయితే ఈ ప్రశ్నే లేదు, భోజనాల దగ్గర, డెక్ మీద మెషీన్ దగ్గర కూల్‌డ్రింక్స్ ఊరికే ఇస్తారు. రాయల్ కరీబియన్ షిప్‌లో స్టార్‌బక్స్ కనపడుతుంది, అది ఏ డ్రింక్ ప్యాకేజ్‌లోనూ లేదు, పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: వైజాగ్ నుంచి అడుగుతున్నా. కోర్డీలియాలో ముంబై నుంచి లక్షద్వీప్ వెళ్దామనుకుంటున్నాం, మన ఊరి నుంచి కూడా ఆ షిప్ నడిచింది కదా. డ్రింక్ ప్యాకేజ్ తీసుకోమంటారా?

జవాబు: అవును, 2022లోనూ మళ్ళీ 2025లోనూ విశాఖ నుంచి చెన్నై, పుదుచ్చేరి వైపు తిరిగింది. టికెట్‌లో భోజనాలు ఉంటాయి, మందు ఉండదు. ఇలాంటి కొద్ది రాత్రుల ట్రిప్‌లో సాయంత్రం ఎక్కుతారు, చివరి రోజు పొద్దున్నే దిగిపోతారు, బార్ దగ్గర కూర్చునే టైమ్ లెక్కేస్తే చాలా తక్కువ, అందుకని విడిగా కొనుక్కోవడమే నయం. లక్షద్వీప్‌లో బంగారం దీవి తప్ప మిగతాచోట్ల మద్యం నిషేధం, దిగేటప్పుడు బ్యాగ్‌లో ఏ సీసా లేకుండా చూసుకోండి.

ప్రశ్న: మేమిద్దరం తాగుతాం, ప్యాకేజ్ కొనాలనే నిర్ణయించుకున్నాం. ఎప్పుడు కొంటే తక్కువ పడుతుంది? కోజుమెల్‌లో టెకీలా బాటిల్ కొంటే క్యాబిన్‌కి తెచ్చుకోనిస్తారా? (హ్యూస్టన్)

జవాబు: షిప్ ఎక్కాక కొనకండి, అన్నిటికన్నా ఎక్కువ రేటు అక్కడే. బుక్ చేసిన వెంటనే ఆన్‌లైన్‌లో ఉన్న రేటుకి తీసేసుకుని, తర్వాత మధ్యమధ్యలో చూస్తూ ఉండండి, తగ్గితే పాతది క్యాన్సిల్ చేసి కొత్త రేటుకి మళ్ళీ కొనండి. రాయల్ కరీబియన్‌లో బయల్దేరడానికి కొద్ది రోజుల ముందు వరకు ఇలా చేయొచ్చు, డబ్బు మొత్తం వెనక్కొస్తుంది. బ్లాక్ ఫ్రైడే టైమ్‌లో తప్పకుండా చూడండి. ఒకే షిప్, ఒకే ప్యాకేజ్, వారం తేడాలో 15, 20 డాలర్లు మారడం మామూలే. మీ డ్రింక్ పక్కవాళ్ళకి మాత్రం ఇప్పించకండి, దొరికితే ప్యాకేజ్ రద్దు చేస్తారు, డబ్బు తిరిగి రాదు.

టెకీలా కొనుక్కోవచ్చు, కానీ షిప్ ఎక్కేటప్పుడు స్కానర్ దగ్గర తీసుకుని చీటీ ఇస్తారు, చివరి రోజుకి తిరిగిస్తారు. గాల్వెస్టన్‌లో దిగాక టెర్మినల్‌లో టెక్సాస్ ఆల్కహాల్ కమిషన్ కౌంటర్ ఉంటుంది, అక్కడ బాటిల్‌కి రాష్ట్రం టాక్స్, కొద్దిగా ఫీజు కట్టాలి, కస్టమ్స్ డ్యూటీ లేకుండా వచ్చే లీటరుకి కూడా ఇది కట్టాల్సిందే. బాటిల్‌ని అడుగున సర్దేయకుండా చేతికందేలా పెట్టుకోండి, రసీదు కూడా దానితోనే ఉంచండి.